ఆసుపత్రి కొసరు

ఆసుపత్రికి పోయిన మనిషి ఒక్క రోగంతోనే తిరిగొచ్చినాడంటే, ఆడ ఆయన్ను సరిగ్గా చూసుకోలేదని అర్థం!

నవ్వొద్దండి, కళ్లారా చూసి చెప్తాండా. సంతలో శేరు చెనక్కాయలు కొంటే కొసరు గుప్పెడు వేసేదానికి అంగడాయనకు చెయ్యి రాదు. మా జిల్లాలో ఒకానొక పెద్దాసుపత్రి ఉండాది, పేరెందుకు లెండి, ఆడ అడగకపోయినా కొసరు ఇస్తారు. కాలు విరిగి వచ్చిన యాడికి ఊరి రామలక్ష్మమ్మ దగ్గు పట్టుకొని పోయింది. దగ్గుతో వచ్చిన గోరంట్ల ఈరప్ప గజ్జి పట్టుకొని పోయినాడు. ఈరప్పను పలకరించేదానికి వచ్చిన బామ్మర్దికి ఏ రోగమూ లేదు. పాపం, ఆయన్ను కూడా వట్టి చేతులతో పంపలేదు!

ఇంత ధర్మం యాడన్నా చూసినారా?

నా సంగతి చెప్పాల. నేను అయిదో క్లాసు దాకా చదివినదాన్ని. భయపడేదాంట్లో మాత్రం ఎమ్మే! బిడ్డ తుమ్మితే, పాడెకు వెదురు యాడ దొరుకుతాదా అని ఆలోచించే రకం. ‘నీ నోట్లో ఎప్పుడూ చావు మాటేనా?’ అంటాడు మా ఇంటాయన.

అట్లాంటిదాని బిడ్డకు, మా తొమ్మిదేండ్ల చిన్నక్కకు, కడుపులో పేగు వాచింది. ఆపరేషన్ చేసినారు. డాక్టరు బంగారం మాదిరి కుట్లు వేసి, ‘ఏడు దినాల్లో ఇంటికి పిల్చుకొని పో’ అన్నాడు. ఇంక భయపడేదానికి ఏమీ లేకపాయె. అదేందో, దాంతోనే నాకు భయం పట్టుకునింది. అంతా బాగుండాదంటే ఏదో దాచిపెడ్తాండారని!

పక్క మంచంలో అక్కమ్మకు తొడ మీద పెద్ద గడ్డ. నర్సమ్మ రూతమ్మ చీము తుడిచి, కట్టు కట్టి, బేసిన్‌లో తెల్లటి లోషన్ నీళ్లలో చేతులు ముంచింది. ఆ నీళ్లు పారబోసేదానికి పోతాంటే నా గుండె ఆగిపాయె.

మీకు మా తావు తెలీదేమో. మూడేండ్లుగా వాన మొగం చూడలేదు. మా ఇంట్లో బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, మొగం కడిగిన నీళ్లు కాళ్లకు, కాళ్లు కడిగిన నీళ్లు కరేపాకు చెట్టుకు. ఒక్క చెంబు నీళ్లను మూడు తూర్లు వాడనిదాన్ని మా అత్త కోడలి కిందనే జమ కట్టదు!

‘ఆగు తల్లీ! నీళ్లు పారబోస్తే పాపం. నాకియ్యి’ అన్నా.

‘చెట్టుకు పోస్తావా అక్కా? పోసుకో, పోసుకో’ అని నవ్వి చెంబులో వంచింది.

చెట్టుకా? బిడ్డను పెట్టుకొని చెట్టుకు పోస్తానా? మందు వాసన గుమాయిస్తాంది! చెంబు మంచం కింద దాచినా. రూతమ్మ అట్ల పోతానే నా బిడ్డ కట్టు విప్పి, నా కొంగు ఆ నీళ్లలో తడిపి, కుట్లను దినానికి మూడు తూర్లు తుడిచినా. ఎంత శ్రద్ధ! ఏ డాక్టరన్నా ఇంత శ్రద్ధగా చీము అంటిస్తాడా?

నాలుగో దినం బిడ్డ ఒళ్లు పెనం మాదిరి కాలింది. కుట్ల సందుల్లో చీము. ‘అమ్మా, నేను సచ్చిపోతానా?’ అని అడిగింది. అన్నేండ్లు నేను నోటితో అన్న మాట, బిడ్డ నోట వింటే చెవులు మూసుకున్నా.

‘ఎవరు ముట్టినారు ఈ కట్టు?’ అని డాక్టరు రూతమ్మ మీద లేచినాడు. ఆమె తల వంచుకునింది. దిష్టి తగిలిందని చెబుదామని నోటి దాకా వచ్చింది గానీ, ‘నేనే సార్, అక్కమ్మకు కట్టు కట్టినంక మిగిలిన మందు నీళ్లతో తుడిచినా’ అని చెంబు చూపించినా.

‘అయ్యో, అది అక్కమ్మ చీము నీళ్లమ్మా! చదువుకున్నదాని మాదిరి ఉండావే!’

‘అయిదో క్లాసు సార్. పుస్తకంలో చీము పాఠం లేదు.’

‘బిడ్డను ముట్టేముందర మంచి నీళ్లతో చెయ్యి కడగల్ల, సబ్బుతో!’

‘సరే సార్. నీళ్లు యాడ?’

డాక్టరు రూతమ్మను చూసినాడు. రూతమ్మ కొళాయిని చూసింది. కొళాయి ఎవరినీ చూడలేదు.

‘పూటకు రెండు బక్కెట్లు సార్, ముప్పై మంచాలకు’ అనింది రూతమ్మ మెల్లగా. ‘నేను గూడా ఒక బేసిన్ నీళ్లను పది మంచాలకు సరిపెడ్తాండా.’

అంటే, నా కన్నా పెద్ద కోడలు! మా అత్త చూసింటే మురిసిపోయేది.

పెన్సిలిన్ సూదులతో పదకొండు దినాలకు జరం దిగింది. బిడ్డ బతికింది. తప్పు నాదే, ఒప్పుకుంటాండా. నా మాదిరి మొద్దును వార్డులోకి రానీకుండా గడపలోనే ఆపల్ల.

ఇంటికి పోయే దినం పొద్దున, ఎద్దుల బండ్లు వరసగా ఆసుపత్రిలోకి వచ్చినాయి. ఒక్కో బండి మీద పీపాయి నిండా నీళ్లు! వార్డంతా కిటికీల కాడికి ఉరికినాం. రూతమ్మ అయితే బక్కెట్లు రెండు చేతుల్లో పట్టుకొని కిందికి పరిగెత్తింది.

ఆసుపత్రి శుభ్రంగా ఉండాదా లేదా అని చూసేదానికి పెద్ద ఆఫీసరు వస్తాండాడంట. ఆయన జీపుకు దుమ్ము అంటకుండా, గేటు కాణ్ణించి మెట్ల దాకా మట్టి దోవ మీద ఆ నీళ్లన్నీ చల్లినారు. రూతమ్మ ఖాళీ బక్కెట్లతోనే మెట్లెక్కి వచ్చింది.

నాకు తెలివొచ్చింది. ఈసారి నా బిడ్డకు జబ్బు చేస్తే వార్డులో మంచం అడగను. ఆఫీసరు వచ్చే దోవ మీద పండబెడ్తా.