కరపత్రంలో కనబడని కొల్లప్ప మాస్టరు

"రామప్రసాదూ, ఈ పావగడ తాలూకా మొత్తానికి బుర్ర అనేది ఒక్కటే ఉండాది. అది నా భుజాల మీద ఉండాది" అన్నాడు పట్టాభి, నా బట్టల కొట్లో తానులకు ఆనుకుని. "ఇన్నాళ్ళూ దాన్ని శెనక్కాయల బేరానికి వాడి పాడు చేసుకున్యా. ఇంగ చాలు. ఈ పొద్దు నుంచి నేను పూరా డిటెక్టివ్."

నేను మీటరు బద్ద పక్కన పెట్టి, వినక తప్పదు గనుక విన్నాను.

వానలు ముఖం చాటేసి అది వరుసగా మూడో ఏడు. మంగళవాడ నుంచి నాగలమడిక దాకా వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. కాయ లేక మండీ లేదు, మండీ లేక పట్టాభికి పని లేదు. పని లేని ఆ యాభై రెండేళ్ళ మనిషి, అద్దె పుస్తకాల కొట్లో ఉన్న అపరాధ పరిశోధన నవలలన్నీ చదివేసి, వాటి అట్ట మీద బొమ్మల్లో ఉన్నట్టు నల్ల కళ్ళద్దాలు కొనుక్కున్నాడు. నీడలోకి వచ్చినా తీయడు. అప్పటికే రెండుసార్లు నా కొట్టు గడప తట్టుకుని పడ్డాడు.

అప్పటిదాకా అతను తేల్చిన కేసు ఒకటే. నా గొడుగు పోయింది. నాలుగు రోజులు దర్యాప్తు చేసి, ఎనిమిది మందిని అనుమానించి, చివరికి దాన్ని ఎండకు అడ్డం పట్టుకుని తిరుగుతున్నది తానేనని కనిపెట్టాడు. దానికి నేను మెచ్చుకోలేదని ఇప్పటికీ అలక.

"ఇది చదువు" అని గులాబీ రంగు కాగితం నా ముందు పడేశాడు. మా బజారు కమిటీ వాళ్ళ వినాయక చవితి కరపత్రం. సరిహద్దు ఊరు గనుక ఒక పక్క కన్నడం, ఒక పక్క తెలుగు. నాలుగు సాయంత్రాలు, నాలుగు కార్యక్రమాలు. మొదటి రోజు థండర్ వేవ్స్ ఆర్కెస్ట్రా. రెండో రోజు రాకెట్ బాయ్స్ బ్రేక్ డాన్స్. మూడో రోజు జూనియర్ హీరోల డూప్ షో. నాలుగో రోజు డిస్కో సిస్టర్స్.

"వీళ్ళల్లో నీకు తెలిసినోళ్ళు ఎవరన్నా ఉండారా?"

"లేరు."

"నాకూ లేరు. ఇద్దరం ఈ ఊర్లోనే పుట్టినాం. ముప్పై ఏండ్లుగా చవితికి ముందు వరసలో కూర్చుంటాండాం. ఒక్క పేరన్నా తెలీదు. దీన్ని బట్టి నీకేం తెలుస్తాది?"

"మనకు వయసైందని."

"కాదు" అన్నాడు పట్టాభి గొంతు తగ్గించి. "ఇవన్నీ మారుపేర్లని."

నాకు నవ్వొచ్చింది గానీ, ఆ కాగితం చదివినప్పుడు మనసు చివుక్కుమన్న మాట నిజం. ఒకప్పుడు కరపత్రం చదవక్కర్లేదు. హరికథ ఎవరిదో, సన్నాయి ఎవరిదో, ఎవరు ఎప్పుడు గొంతు సవరించుకుంటారో కూడా తెలుసు. ఆఖరి సాయంత్రం కొల్లప్ప మాస్టరు హార్మోనియం, పౌరాణిక పద్యాలు. ఈసారి ఆ పేరు లేదు. ఎవరో తెలియనివాళ్ళ పెళ్ళి పిలుపు నాకు పొరపాటున అందినట్టుంది.

సరిగ్గా అప్పుడే కొల్లప్ప మాస్టరు భార్య దాసమ్మ మెట్లెక్కింది. బేరానికి రాలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

"సామీ, ఈ కాగితం పంచినప్పటి నుంచి మా ఇంటాయన ఇంట్లో మెతుకు ముట్టడం లేదు" అంది. "రెండు గంటలైతే యాడికో పోతాడు. దీపం పెట్టే యాళకు వస్తాడు. యాడికి పోయినావంటే ఏం లేదులే అంటాడు. మొన్న హార్మోనియం పెట్టెను అటక మీద పెట్టేసినాడు. నలభై ఏండ్లు అది మంచం పక్కన నుంచి కదల్లేదు సామీ. ఆ మనిషి ఏమన్నా చేసుకుంటాడేమోనని నాకు భయంగా ఉండాది."

"భయపడద్దు దాసమ్మక్కా" అన్నాడు పట్టాభి ఓదార్పుగా. "బావుల్లో యాడా నీళ్ళు లేవు గదా."

నేను అతని కాలు తొక్కాను. దాసమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఆయన పేరు ఎవరు కొట్టేసినారో కనుక్కోండి. నేనే పోయి అడుగుతా. ఆయన్ను ఇట్ల చూస్తా ఉండలేకపోతాండా."

ఆమె వెళ్ళాక పట్టాభి కళ్ళద్దాలు సర్దుకుని కొట్టంతా మూడు చుట్లు తిరిగాడు. "స్పష్టంగా ఉండాది. ఈ థండర్, రాకెట్, డిస్కో అంతా ఒకే ముఠా. ముందు పేరు మాయం చేస్తారు. తర్వాత మనిషిని."

కమిటీ కార్యదర్శి రామాంజినేయులు బస్టాండు దగ్గర టేప్‌రికార్డర్లు బాగుచేస్తాడు. ముప్పై ఏళ్ళుంటాయి. మేము వెళ్ళేసరికి ఒక టేపులోంచి చిక్కుపడ్డ రీలు లాగుతున్నాడు.

"మాస్టరు పేరు కొట్టేసిన చెయ్యి ఎవరిది?" అన్నాడు పట్టాభి, నవలల్లో అడిగినట్టే, బల్ల మీద గుద్ది. రీలు మళ్ళీ చిక్కుపడింది.

"నన్ను అడగద్దు సామీ. మాటిచ్చినా."

"ఎవరికి?"

"అది చెప్తే మాట తప్పినట్లే గదా."

పట్టాభి నా వైపు విజయగర్వంతో చూశాడు. బయటికొచ్చి గడప పక్కన వంగి, రెండు వేరుశనగ తొక్కలు ఏరి కాగితంలో పొట్లం కట్టాడు.

"నేరస్తుడు శెనక్కాయలు తింటాడు."

"పావగడలో తిననోడు యాడుండాడప్పా?"

"మామూలు ఏడాదైతే అంతే. ఈ కరువులో కూడా వానికి కాయ దొరుకుతాదంటే, వానికి పెద్ద పలుకుబడే ఉండాది."

మర్నాడు మాస్టరును వెంబడించాలని నిర్ణయమైంది. దానికి మారువేషం కావాలి. గొర్రెలు మేపే బొమ్మన్న దగ్గరికి పోయి అతని కంబళి అడిగాడు పట్టాభి.

"ఇస్తా గానీ సామీ, ఆ కంబళి కప్పుకుంటే నా గొర్రెలు..."

"డిటెక్టివ్‌కు సలహా ఇయ్యద్దు."

బొమ్మన్న కంబళి ఇచ్చేసి, గోడ నీడన తలకింద తుండుగుడ్డ పెట్టుకుని పడుకున్నాడు. మూడేళ్ళుగా గొర్రెల వెనక పరుగులు పెట్టి అలసిపోయిన మనిషి.

రెండు గంటలకు కొల్లప్ప మాస్టరు ఇంట్లోంచి బయటికొచ్చాడు. అరవై మూడేళ్ళ మనిషి, తెల్ల చొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు. ప్రాణం తీసుకోవడానికి పోయేవాడు తల దువ్వుకుంటాడా అని నాకు అనుమానం వచ్చింది. చెప్పబోయేలోగా పట్టాభి నడవడం మొదలుపెట్టాడు. ఎర్రటి ఎండలో నల్ల కంబళి, నల్ల కళ్ళద్దాలు. నేను పది అడుగుల వెనక.

"వెనక్కి చూడద్దు" అన్నాడు కాసేపటికి. "మనల్ని ఎవరో వెంటాడుతాండారు. చాలామంది ఉండారు."

"నలభై మంది. గొర్రెలు."

కంబళి వాసన తెలిసిన గొర్రెలు. అది ఎక్కడికి పోతే వాటి మేత అక్కడుంటుందని వాటి నమ్మకం. పట్టాభి ఆగితే ఆగుతున్నాయి, నడిస్తే నడుస్తున్నాయి. బస్టాండు దగ్గర జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. ఆ గందరగోళంలో మాస్టరు ఎడమకు తిరిగాడో కుడికి తిరిగాడో నేను చూడలేదు. పట్టాభి మాత్రం ఒక తెల్ల చొక్కాను పట్టుకుని పెనుకొండ రోడ్డున పడ్డాడు.

అర్ధ గంట నడిచాక ఆ తెల్ల చొక్కా ఆగి వెనక్కి తిరిగింది. పశువుల ఆసుపత్రి కాంపౌండరు.

"ఏం సామీ, ఇంత దూరం తోలుకొచ్చినారు? ఈ పొద్దు నేను రజా, డ్యూటీ లేదు. సూదులు రేపు వేస్తా, పోండి."

పట్టాభి తేరుకునేలోగా గాలి అటునుంచి ఇటు వీచింది. ముందున్న గొర్రె మెడ పైకెత్తింది. తర్వాత మిగిలిన ముప్పై తొమ్మిదీ ఎత్తాయి. ఎండు వేరుశనగ తీగల వాసన. రోడ్డు పక్క గోదాములో ఎప్పటిదో పాత మేత ఉన్నట్టుంది. మూడేళ్ళ ఆకలి ఒక్కసారి కదిలింది. కంబళి కాళ్ళకు చుట్టుకున్న పట్టాభి ఆ మంద మధ్యలో ఉన్నాడు. అతను నడవలేదు, అతన్ని నడిపించాయి. గోదాము పక్క తలుపు ఓరగా ఉంది. గొర్రెలు తోశాయి. పట్టాభి అందరికన్నా ముందుగా, బోర్లా, లోపలికి ప్రవేశించాడు.

లోపల పాట ఆగింది. నలుగురు పిల్లకాయలు, డ్రమ్ములు, గిటారు. మధ్యలో కాలరు పైకెత్తుకుని, తెల్ల మెట్లూ రంగు బొత్తాలూ ఉన్న కీబోర్డు ముందు, నోట్లో సగం మిరపకాయ బజ్జీతో కొల్లప్ప మాస్టరు. ఏదో బొత్తాం నొక్కి ఉన్నట్టుంది, డప్పు ఒక్కటీ దానంతటదే మోగుతోంది. గొర్రెలు మూలనున్న మేత మీద పడ్డాయి.

"ఎవరూ కదలద్దు. చేతులు పైకెత్తండి" అన్నాడు పట్టాభి గొర్రెల కిందనుంచి.

అందరూ ఎత్తారు. నేనూ ఎత్తాను.

అతను లేచి, పగిలిన కళ్ళద్దాలు తీసి, వారం రోజుల్లో మొదటిసారి ప్రపంచాన్ని దాని రంగుల్లో చూశాడు. గోడలు చూశాడు. దూలాలు చూశాడు. "ఇది నా గోదాము గదా" అన్నాడు నీరసంగా.

"కాంతామణమ్మ తాళం ఇచ్చినారు సామీ" అన్నాడు డ్రమ్ముల పిల్లవాడు. "ఎట్లాగూ ఖాళీగా ఉండాది, వాయించుకోండి అన్నారు."

(ఆ సాయంత్రం పట్టాభి భార్య కాంతామణి అతనితో నా ముందే అంది: "మీకు నాలుగుసార్లు చెప్పినా. నాలుగుసార్లూ దర్యాప్తులో ఉండానంటిరి.")

అప్పుడు తలుపు దగ్గర దాసమ్మ కనిపించింది. పట్టాభి మీద నమ్మకం లేక గొర్రెల వెనకాలే వచ్చిందట. ఆమెను చూసి మాస్టరు బజ్జీ మింగలేక, తీయలేక నిలబడ్డాడు.

"నీ పేరు కొట్టేసింది ఎవరు?" అంది ఆమె.

"నేనే కొట్టేయమన్నా" అన్నాడు చివరికి. "పోయిన చవితికి నా ముందర పదకొండు మంది ఉండిరి. వాళ్ళల్లో వీళ్ళిద్దరూ నిద్రపోయినారు."

నేనూ పట్టాభీ నేల చూశాం. అది అబద్ధం కాదు. ఊళ్ళో అందరికన్నా ఎక్కువగా పాతకాలం పోయిందని బాధపడేది మేమే. ఆ పాతకాలం ఎదురుగా కూర్చుని పాడుతుంటే గురక పెట్టిందీ మేమే.

"మైకు సెట్టోడు నేనెప్పుడు ముగిస్తానా అని వైరు చుట్టుకుంటా నిలబడినాడు" అన్నాడు మాస్టరు. "ఆ వైరునే చూస్తా పద్యం మర్చిపోయినా. నలభై ఏండ్లలో అదే మొదటిసారి. అది ఎవురూ కనుక్కోలా. కనుక్కుని ఉంటే ఇంత బాధ లేకపోయె. ఈ పిల్లోళ్ళ దగ్గర దీన్ని వాయించేటోడు పని దొరికి బెంగుళూరుకు పోయినాడంట. నువ్వు రా మాస్టరూ అని రామాంజినేయులు అడిగినాడు. వేళ్ళకేం తెలుసు, ఏ పాటైనా మెట్టు మెట్టే. ఒక్కసారన్నా నిండా జనం ముందర కూర్చోవాలనిపించింది."

అంటే మాస్టరు కరపత్రంలో మొదటి నుంచీ ఉన్నాడు, మొదటి రోజే, థండర్ వేవ్స్‌లో ఒక వేవ్‌గా.

"మరి నాకు ఎందుకు చెప్పలా?"

"పదేండ్లుగా దీన్ని డబ్బా సంగీతమని తిట్టినా గదా. ఏం ముఖం పెట్టుకోని చెప్పేది. చవితి పొద్దు నేరుగా స్టేజీ మీదనే చూస్తావులే అనుకుంటి."

దాసమ్మ బజ్జీల పొట్లం వైపు చూసింది. "ఇంట్లో తినకుండా దినామూ ఇదా తినేది?"

మాస్టరు పొట్లాన్ని కీబోర్డు చాటుకు జరిపాడు.

"నువ్వు తినడం లేదని నేనూ సరిగ్గా తిని మూడు వారాలాయె."

గిటారు పిల్లవాడు తల దించుకున్నాడు. మాస్టరు పొట్లం తీసుకుని ఆమె దగ్గరికి వెళ్ళి, రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చాలాసేపు అతని ముఖం చూసింది. ఒకటి తీసుకుని తింది. మరొకటి తీసుకుంది. తర్వాత ఖాళీ వేరుశనగ సంచుల దొంతర మీద కూర్చుంది.

"వాయించు. ఏం నేర్చుకున్యావో చూస్తా."

మాస్టరు కూర్చున్నాడు. "ఈ బొత్తాం నొక్కితే తబలా వస్తాది" అన్నాడు పిల్లవాడిలా. "ఇది తాగి రాదు, అలిగి పోదు. మన తబలా కాటయ్యకు మాత్రం చెప్పద్దండి."

వాయించారు. ఆ పాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో నాకు తెలియలేదు. ఎక్కడో మధ్యలో తలుపు దగ్గరికి పరిగెత్తుకొచ్చిన బొమ్మన్న మాత్రం, తన గొర్రెలు కడుపునిండా తింటుంటే చూస్తూ తల ఊపాడు.

తిరిగి నడుస్తున్నప్పుడు పట్టాభి పగిలిన కళ్ళద్దాలను జేబులో వేసుకున్నాడు.

"మాస్టరు మనకన్నా ఎన్నేండ్లు పెద్ద?"

"పదకొండు."

"అయితే మనకొచ్చింది వయసు కాదప్పా."

"మరి ఏంది?"

"దర్యాప్తు చేయాల" అన్నాడు. ఈసారి గొంతులో డాబు లేదు.

చవితి మొదటి సాయంత్రం మండపం ముందు అడుగు పెట్టడానికి చోటు లేదు. క్యాతగానచెర్లు నుంచి కూడా జనం ట్రాక్టర్లలో వచ్చారు. దాసమ్మ ముందు వరసలో మాకు రెండు కుర్చీలు పట్టి ఉంచింది. స్టేజీ మీద మాస్టరు ఒక మూల, డ్రమ్ముల చాటున, మెరిసే చొక్కాలో సగమే కనబడుతున్నాడు.

రెండు పాటలయ్యాక పట్టాభి ఆమె వైపు వంగాడు. "దాసమ్మక్కా, చప్పట్లు ఎప్పుడు కొట్టాలో తెలీడం లేదు. అయిపోయిందనుకుంటే మళ్ళా మొదలైతాది."

"నాకూ తెలీదు సామీ" అంది ఆమె, స్టేజీ మీద నుంచి కళ్ళు తిప్పకుండా. "ఆయన తలకాయ ఎత్తి జనాన్ని చూసినప్పుడల్లా నేను కొడతాండా."

అప్పటి నుంచి మేము ముగ్గురం పాట వినడం మానేసి మాస్టరు తల చూస్తూ కూర్చున్నాం. ఆయన ఎత్తితే కొట్టాం. మేము కొట్టిన చప్పట్లలో చాలా వాటికి పాటతో సంబంధం లేదు. వెనకవాళ్ళు రెండుసార్లు విసుక్కున్నారు. మాస్టరు మాత్రం ఆ సాయంత్రం చాలాసార్లు తల ఎత్తాడు.