సగం చెప్పిన జబ్బు

1988 డిసెంబరు ఒకటో తేదీ పొద్దున దేవరాజులు వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం ఐదుకు పుంగనూరు బజారు మైదానంలో సభ పెట్టాలి, దానికి జనం రావాలి. అంతే. ఆరోగ్య శాఖలో ఆయనది ప్రచారం చేసే ఉద్యోగం. ఎయిడ్స్ అనే కొత్త జబ్బు గురించి ఆ రోజు ప్రపంచమంతా సభలు జరపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రపంచం సంగతి ఏమోగాని, పుంగనూరు మాత్రం దేవరాజులు నెత్తిన పడింది.

అంతకుముందు ఆయన పెట్టిన మలేరియా సభకు వచ్చినవాళ్ళలో జీపు డ్రైవరును, కుర్చీలు వేసినవాడిని తీసేస్తే మిగిలింది ఒక ముసలాయన. ఆయన కూడా షామియానా నీడ కోసం కూర్చున్నాడు. అది కళ్ళారా చూసిన పై అధికారి, "ఇంకోసారి ఇట్లా జరిగితే మిమ్మల్ని కుప్పం పంపిస్తాను" అని చెప్పి మరీ వెళ్ళాడు. కుప్పం మంచి ఊరే. కానీ దేవరాజులు భార్య ఆదిలక్ష్మి మదనపల్లెలో టీచరు, ఇప్పుడు నిండు నెలలకు దగ్గరపడింది. పుంగనూరులో ఉంటే కబురందిన గంటలో ఆమె పక్కన ఉండొచ్చు. కుప్పం నుంచైతే సగం రోజు బస్సుల్లోనే పోతుంది.

అందుకే ఈసారి దేవరాజులు సినిమా హాలు వాళ్ళ జట్కాను మాట్లాడుకున్నాడు. కొత్త బొమ్మ పడేది శుక్రవారం, పాత బొమ్మకు చివరి రోజు ప్రచారం అక్కర్లేదు కాబట్టి గురువారం జట్కా ఖాళీ. దాంట్లో మైకు పట్టుకుని కూర్చునే గంగాధరం గొంతు వింటే వంట చేసే ఆడవాళ్ళు కూడా గరిటెతో సహా వాకిట్లోకి వస్తారు. దేవరాజులు అతనికి జబ్బు గురించి ఆమూలాగ్రం చెప్పాడు. ఎలా వస్తుందో చెప్పాడు, ఎలా రాదో ఇంకా ఎక్కువ చెప్పాడు. గంగాధరం కళ్ళు మూసుకుని విన్నాడు.

"బలే కత సామీ. జనం రాకుంటే నా మీసం తీసేస్తా."

దేవరాజులు ఆలోచించని సంగతి ఒకటుంది. గంగాధరం తన సర్వీసులో ఏ బొమ్మ కథనూ చివరిదాకా చెప్పినవాడు కాదు. చెబితే టికెట్టు ఎవరు కొంటారు? హీరోను కొండ అంచున వేలాడదీసి, "తర్వాత ఏమైంది? నేడే చూడండి!" అని జట్కా కదిలించడం అతని వృత్తి ధర్మం. ఆ ధర్మాన్ని ఆ రోజు కూడా తప్పలేదు.

"అయ్యలారా, అమ్మలారా! మందు లేని జబ్బు! పేరు ఎయిడ్స్! దేశాలు దాటుకోని వస్తాండాది! తాకితే వస్తాదా? ఒకే గలాసులో తాగితే వస్తాదా? పక్కన కూసుంటే వస్తాదా? సాయంత్రం ఐదు గంటలకు, బజారు మైదానంలో! ప్రధాన పాత్రలో... మన దేవరాజులు! మీ కండ్లతో మీరే సూడండి!"

హీరో పేరు లేని ప్రకటన గంగాధరం నోట రాదు. జట్కా నాలుగు వీధులు తిరిగేసరికి ఊరికి మూడు విషయాలు ఖాయమయ్యాయి. ఆ జబ్బు తాకినా వచ్చేలా ఉంది. అది దేవరాజులుకు ఉంది. సాయంత్రం ఆయన్ను స్టేజీ మీద చూపిస్తారు.

ఇదేమీ తెలియని దేవరాజులు ఎప్పటిలాగే నల్లప్ప హోటలుకు వెళ్ళాడు. ఆయన కూర్చోగానే ఆ బల్ల దగ్గరివాళ్ళు దోసెలు సగంలో వదిలి లేచారు. నల్లప్ప కాఫీ గ్లాసును దూరంగా పెట్టి, కర్రతో ముందుకు తోశాడు.

"తాగి, గలాసు మీరే ఎత్తుకోని పోండి సామీ. మళ్ళా తేవద్దు."

తన సభ మీద అభిమానంతో నల్లప్ప బహుమతి ఇచ్చాడనుకుని దేవరాజులు ఎంతో సంతోషించాడు. గ్లాసు కడిగి సంచిలో వేసుకున్నాడు. దారిలో ఎదురైనవాళ్ళు పక్కకు తప్పుకుని దండం పెడుతుంటే, మలేరియాకు దక్కని గౌరవం ఈ జబ్బుకు దక్కిందని కూడా అనుకున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళేసరికి ఆయన పరుపు, పెట్టె, చెంబు వీధిలో ఉన్నాయి. ఇంటి యజమానురాలు సుభద్రమ్మ తలుపు వేసుకుని కిటికీలోంచి మాట్లాడింది.

"నాయనా, నువ్వు మంచోడివే. కానీ ఇంట్లో పసిబిడ్డలుండారు. యాడన్నా సూసుకో."

"యాలమ్మా? నేనేం చేసినాను?"

"నువ్వేం చేసినావో నాకేం తెలుసు! గంగాధరం మైకులో చెప్తాండాడు కదా!"

అప్పుడు అర్థమైంది దేవరాజులుకు. పరుపు అక్కడే వదిలి జట్కా కోసం పరుగెత్తాడు. బస్టాండు దగ్గర దొరికింది.

"గంగాధరం! కత మొత్తం చెప్పమన్నాను కదా! తాకితే రాదు, కలిసి తింటే రాదు అని చెప్పవేమి?"

గంగాధరం నిజంగానే నొచ్చుకున్నాడు. "క్లైమాక్సు ముందే చెప్తే ఎవురొస్తారు సామీ? సోమల నుంచి కూడా బండ్లు కట్టుకోని వస్తాండారు. ఇప్పుడు చెప్పేస్తే అందరూ ఎనక్కి తిరుక్కోని పోతారు."

ఆ మాట నిజమే. జనం వెనక్కి పోతే కుప్పం. దేవరాజులు జట్కాను పోనిచ్చి తిరిగొచ్చాడు. ఆకలిగా ఉంది గానీ అన్నం పెట్టేవాళ్ళు ఎవరూ లేరు.

ఐదు గంటలకు మైదానంలో ఇసుక వేస్తే రాలనంత జనం. కాకపోతే అందరూ గోడల మీద, బండ్ల మీద, చివరి వరుసల్లో ఉన్నారు. ముందున్న కుర్చీలన్నీ ఖాళీ. జీపు దిగిన పై అధికారి ముఖం వెలిగిపోయింది.

"శభాష్! ముందు వరుసలో ఎవరూ కూర్చోలేదేం?"

"మర్యాద సార్" అన్నాడు దేవరాజులు.

తర్వాత మైకు తీసుకుని ఉన్నదున్నట్టు చెప్పాడు. శారీరక కలయిక వల్ల వస్తుంది, జాగ్రత్త పడొచ్చు. పరీక్ష చేయని రక్తం ఎక్కించుకుంటే వస్తుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి గుచ్చితే వస్తుంది. తల్లి నుంచి బిడ్డకు రావచ్చు. తాకితే, పక్కన కూర్చుంటే, ఒకే గ్లాసులో తాగితే రాదు. ఎవరూ కదల్లేదు. గోడ మీదినుంచి నల్లప్ప లేచాడు.

"అదంతా సరే సామీ. నీకు ఉండాదా, లేదా? అది చెప్పు."

'లేదు' అన్న మాట దేవరాజులు నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క మాట అంటే చాలు, పరుపు ఇంట్లోకి పోతుంది, రేపటి కాఫీ బల్ల మీదికి వస్తుంది. జనం ఊపిరి పీల్చుకుని ఇళ్ళకు పోతారు. రేపు నిజంగా జబ్బున్నవాడు ఎవరైనా ఈ ఊరికి వస్తే, వాడి పరుపు వీధిలో పడుతుంది. పొద్దుటి నుంచి తను పడిన అవమానం గుర్తొచ్చి దేవరాజులుకు కోపం వచ్చింది.

"ఉండాదనే అనుకోండప్పా! అయితే ఏమి?"

మైదానం మొత్తం ఒక అడుగు వెనక్కి వేసింది. దేవరాజులు సంచిలోంచి నల్లప్ప గ్లాసు తీశాడు. అధికారి కోసం తెచ్చిన ఫ్లాస్కులోంచి కాఫీ పోసి, సగం తాగి, మిగతా సగం అధికారి ముందు పెట్టాడు.

"దీంతో రాదని సారుకు తెలుసు. సారు తాగుతారు సూడండి."

అధికారి ఆయన చెవి దగ్గరికి వంగాడు. "ఏమయ్యా, ఎంగిలి కదా!"

"ఎంగిలితో రాదని ఉత్తర్వులో తమరే రాశారు సార్."

మైకు ఆపలేదు కాబట్టి ఈ మాటలు సోమల వాళ్ళకు కూడా వినిపించాయి. అధికారి గ్లాసు వైపు చూశాడు, జనం వైపు చూశాడు, జీపు వైపు చూశాడు. జీపు చాలా దూరంలో ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఇంకొకరి ఎంగిలి ముట్టని మనిషి. కళ్ళు మూసుకుని గటగటా తాగేశాడు.

"సారు తాగేసినాడప్పో!" అని గంగాధరం జట్కా మీదినుంచి కేక వేశాడు.

జనం ఒక్కొక్కరే దిగి ముందుకు వచ్చారు. కుర్చీలు చాలక కింద కూర్చున్నారు. సూది గురించి, రక్తం గురించి అడిగారు. ఇళ్ళలో అడగలేని ప్రశ్నలు కూడా కొందరు అడిగారు. నల్లప్ప వచ్చి తన గ్లాసు తను తీసుకున్నాడు. చివర సుభద్రమ్మ వచ్చింది.

"ఇంటికి పోదాం పా నాయనా. పరుపు మంచుకు తడస్తాండాది."

ఉందా లేదా అని ఆమె అడగలేదు. తర్వాత కూడా ఎప్పుడూ అడగలేదు. దేవరాజులుకు ఏడుపొచ్చింది.

వారం తిరగకుండా ఉత్తర్వు వచ్చింది. జనాన్ని ఇంత గొప్పగా కదిలించగల ఉద్యోగి సేవలు సరిహద్దు ఊరికి ఎంతో అవసరమని అధికారి స్వయంగా సిఫారసు చేశాడు. కుప్పం. ఆదిలక్ష్మి ఆ కాగితం చదివి మొగుడి వైపు చూసింది.

"జనం రాకున్నా కుప్పమే, వచ్చినా కుప్పమే. ఇంత మాత్రానికి ఆయన సేత ఎంగిలి తాగించేది యాల?"

గంగాధరం మాత్రం చాలా బాధపడ్డాడు. తన వంతు సాయంగా ముందే బస్సెక్కి కుప్పం పోయి, ఎయిడ్స్ సభ హీరో దేవరాజులు వస్తున్నాడని, క్లైమాక్సు మాత్రం దాచి, వీధి వీధీ తిరిగి మైకులో చెప్పి వచ్చాడు. దేవరాజులుకు అక్కడ అద్దె ఇల్లు ఉగాది దాకా దొరకలేదు.