పెంగ్విన్ ముఠా నాయకుడు

“గ్రేసమ్మా! నేరం ఎక్కడున్నా ముందు నా ముక్కుకి తగలాల్సిందే!” అంటూ బందరు కోనేరు సెంటర్లోని డీటీపీ షాపులోకి దూసుకొచ్చారు స్వయంప్రకటిత డిటెక్టివ్ సుందరరాజు గారు. ముందు అద్దం తలుపు తగిలింది. ముక్కుకే.

నవ్వే ఓపిక షాపు నడిపే గ్రేస్‌కి లేదు. పాత కంప్యూటరు కొత్త విండోస్‌ని మోయలేదని, తమ్ముడు జేమ్స్ నిన్న అంతా తుడిచేసి, ఉచితంగా దొరికే లైనక్స్ వేసి ఉయ్యూరు వెళ్ళిపోయాడు. ఫైళ్ళు దాచాడు గానీ, తెలుగు ఫాంట్లు దాచడం మరిచాడు. అయిదింటికి ఇవ్వాల్సిన ఆహ్వానపత్రిక తెర మీద డాలర్లూ, ప్రశ్నార్థకాలూ, పిచ్చిగీతలూ అయి కూర్చుంది. ఇప్పుడు నాలుగు. రేపు ఆరాధన కాగానే చర్చిలో పంచాలి. పైగా ఆ కార్డు సంగతి ఎవరికీ చెప్పనని ఆర్డరిచ్చినావిడకి మాటిచ్చింది.

“విండోస్ పోయిందండీ, నన్ను పని చేసుకోనివ్వండి,” అంది గ్రేస్.

“విండోస్ పోయిందా? అయితే దొంగ కిటికీలోంచే వచ్చాడు!”

“దొంగ కాదండీ బాబాయ్ గారూ, జేమ్స్. ఇది ఓపెన్ సోర్స్...”

“అన్నీ ఓపెన్ చేసి పెట్టుకుంటే దొంగలు పడరూ? తెర మీద ఈ పక్షేంటి?”

“పెంగ్విన్ అండీ. లైనక్స్ బొమ్మ.”

“దివిసీమ మొత్తం తిరిగాను. కొంగలున్నాయి, బాతులున్నాయి, ఇది లేదు. అంటే విదేశీ హస్తం! ఇవిగో డాలర్లు! ఇది రహస్య లిపి అమ్మాయ్. ముఠా నాయకుడి పేరు ఇందులోనే ఉంది!”

“అయ్యో, ముట్టుకోకండి!”

సాక్ష్యాన్ని అరెస్టు చేస్తానంటూ ఆయన మెళ్ళోని పెన్‌డ్రైవ్ తీసి కంప్యూటరుకి గుచ్చేశారు. తెర మీద ఆయన విజిటింగ్ కార్డు ఫైలు కనబడింది. పక్కనే ఇంకో ఫోల్డరు. నిరుడు ఆ కార్డు కాపీ చేసిస్తూ జేమ్స్ పొరపాటున ఫాంట్లన్నీ కూడా ఎక్కించేశాడు!

గ్రేస్ చేతులు పరిగెత్తాయి. ఫాంట్లు ఎక్కాయి, ఫైలు మళ్ళీ తెరుచుకుంది, పిచ్చిగీతలు గుండ్రటి తెలుగయ్యాయి. తెర మూసేలోపే సుందరరాజు గారు గట్టిగా చదివేశారు:

“అరవై వసంతాలు నిండిన సందర్భంగా కృతజ్ఞతా కూడిక... స్థలం... మా ఇల్లే! పేరు... సుందరరాజు!”

ఆయన మీసం దువ్వుకున్నారు.

“వీడి మీద నాకు మొదట్నించీ అనుమానమే.”

అప్పుడే కార్డుల కోసం ఆయన భార్య జ్ఞానమ్మ గారు తలుపు తోసుకొచ్చారు. “చెప్పేశావా గ్రేసూ?”

“లేదు పిన్నిగారూ. ఆయనే కనిపెట్టేశారు!”

“ముప్పై ఏళ్ళ పరిశోధనలో ఒక్కటంటే ఒక్కటి కనిపెట్టారు,” అన్నారావిడ నెత్తి కొట్టుకుంటూ, “అదీ మీ వయసే!”