పదహారు వేల లీటర్ల జాగ్రత్త

ఉదయం ఏడున్నరకి ఆరో అంతస్తులోని ఆ ఇంట్లో వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మామగారి ఎడమ కంటికి ఆపరేషను. కూతురు ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంది. అల్లుడు సెలవు పెట్టి, చేపల తొట్టెకి కొత్త ఫిల్టరూ పంపూ కొని బిగిస్తాడు. సాయంత్రం నాలుగింటికి అందరూ కలిసి టీ తాగుతారు.

అల్లుడు లిఫ్ట్ ఇన్‌స్పెక్టరు. ఊళ్ళో సగం లిఫ్టులు అతని సంతకంతోనే కదులుతాయి. మామగారు కోర్టులో ముప్పయ్యేళ్ళు గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. కలిసి ఉంటున్న పద్నాలుగేళ్ళలో ఆయన అల్లుడికి ఒక్క పని కూడా అప్పగించలేదు. బల్బు మార్చాలన్నా ఎలక్ట్రీషియన్‌కే కబురు వెళ్ళేది. అలాంటిది ఈ రోజు ఏకంగా తొట్టెనే అప్పగించారు. నాలుగు వందల లీటర్ల తొట్టె. అందులో ఒకే ఒక్క చేప. మూరెడు పొడవు, బంగారు రంగు, పన్నెండేళ్ళ వయసు. ఇంట్లో అందరూ దాన్ని దొరగారు అనే పిలుస్తారు.

"పాత ఫిల్టరు పూర్తిగా ఆగిపోయింది" అన్నారు మామగారు చెప్పులేసుకుంటూ. "గాలాడక దొరగారు పైకి తేలుతున్నారు. మధ్యాహ్నంలోగా కొత్తది తిరగాలి. ఆయనకేమన్నా అయితే..."

"నాన్నా, ఆలస్యమవుతోంది" అంది కూతురు.

"ఆయనకేమన్నా అయితే నాకీ కన్ను బాగై ఏం లాభం? ఇంట్లో ఇంకెవర్ని చూడాలి?"

ఆ ఇంట్లో ఉన్న ఇంకో ఇద్దరూ ఏమీ అనుకోలేదు. అలవాటైపోయింది.

అక్వేరియం షాపు నడిపే ఆవిడ తొట్టె కొలతలు విని అర నిమిషంలో తేల్చేసింది. "నీళ్ళన్నీ గంటకి నాలుగుసార్లు ఫిల్టరులోంచి తిరిగి రావాలి సార్. మీది నాలుగు వందల లీటర్లు. గంటకి పదహారు వందల లీటర్లు తోడే పంపు, దానికి తగ్గ ఈ ఫిల్టరు డబ్బా. అంతే."

"అంతే అంటే? మార్జినేది?"

"మార్జినేంటి సార్?"

"మా డిపార్ట్‌మెంటులో ఎనిమిది మంది ఎక్కే లిఫ్టుకి ఎనభై మందిని మోసే తాడు వేస్తాం. పది రెట్లు. అందుకే ఇరవయ్యేళ్ళలో నా చేతికింద ఒక్క లిఫ్టూ పడలేదు."

"చేపలు లిఫ్టెక్కవు సార్."

"ప్రాణం ప్రాణమే కదమ్మా."

పదహారు వందలకి పది రెట్లు పదహారు వేలు. అలాంటి పంపు షాపులో ఒక్కటే ఉంది, పార్కులో ఫౌంటెన్ కోసం తెప్పించింది. ఆవిడ దాన్ని రెండు చేతులతో ఎత్తి కౌంటరు మీద పెడితే కౌంటరు కిర్రుమంది.

"ఫిల్టరు కూడా పది రెట్లదివ్వండి."

"అంత పెద్ద డబ్బా లేదు సార్. నా మాట విని ఆ పంపు వదిలేయండి."

"ఫిల్టరు మామూలుదే చాలు. అందులో కదిలేదేమీ లేదుగా? కదిలేదానికే మార్జిను కావాలి."

ఈ సూత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అప్పటికప్పుడు పుట్టింది.

పదిన్నరకల్లా ఇన్‌స్పెక్టరు అంతా బిగించేశాడు. తొట్టె అడుగున పంపు. పంపు నుంచి ఒక గొట్టం నేల మీదున్న ఫిల్టరు డబ్బాలోకి. డబ్బా నుంచి ఇంకో గొట్టం మళ్ళీ తొట్టెలోకి. దొరగారు నీటి పైకొచ్చి నోరు తెరిచి చూస్తున్నారు. "ఒక్క క్షణం ఓపిక పట్టండి సార్" అని చేపకి చెప్పి స్విచ్చి వేశాడు.

మొదటి సెకనులో పంపు గుర్రుమంది. రెండో సెకనులో ఫిల్టరు డబ్బా ఉబ్బింది. మూడో సెకనులో గొట్టం డబ్బా మూతినుంచి ఊడి, పడగెత్తి, హాలంతా తిరగడం మొదలుపెట్టింది. సోఫా తడిసింది. టీవీ తడిసింది. పెళ్ళిఫోటోలో మామగారు తడిశారు. స్విచ్చి ఆపుదామంటే ముందు గొట్టం మొహాన కొట్టింది, తర్వాత కాలు జారింది. లేచి స్విచ్చి ఆపేసరికి నిమిషం గడిచింది. గంటకి పదహారు వేలంటే నిమిషానికి రెండు వందల అరవై ఆరు లీటర్లు. ఆ లెక్క అతను నేల మీద పడి ఉండగానే వేశాడు.

ఆ రెండు వందల అరవై ఆరు లీటర్లూ గుమ్మం దాటి, వరండా దాటి, ఎటు పోయాయో చూసే తీరిక అతనికి లేదు. దొరగారు జానెడు నీళ్ళలో పక్కకి ఒరిగిపోయి ఉన్నారు. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క స్నానాలగదిలో పాతకాలపు టబ్బుంది. బకెట్లతో తొట్టెలో మిగిలిన నీళ్ళు అందులో పోసి, దొరగారిని తువ్వాలులో చుట్టి ఎత్తుకెళ్ళి దించాడు. చేప కదల్లేదు. గాలి కావాలి. గాలి కావాలంటే నీళ్ళు కదలాలి. నీళ్ళు కదలాలంటే అతని దగ్గరున్నది ఒకటే పంపు.

పంపుని టబ్బు అడుగున దించి, గొట్టాన్ని ఈసారి కుళాయికి తీగతో కట్టి, మూతి నీళ్ళలో ముంచి, స్విచ్చి వేశాడు. టబ్బులో సుడి లేచింది. దొరగారి తోక ఒకసారి ఇటు కనిపించింది, ఒకసారి అటు. ఆపితే ఊపిరాడక పోతారు. నడిపితే కొట్టుకుపోయి పోతారు. ఏదో ఒకటి తేల్చుకునేలోగా ఫోను మోగింది.

"ఏమండీ, పని తొందరగా అయిపోయి వచ్చేశాం" అంది భార్య. "లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఆగిపోయింది. పైనుంచి నీళ్ళు పడుతున్నాయి. నాన్న కంటికి కట్టుంది. రండి, తొందరగా!"

నీళ్ళు ఎటు పోయాయో ఇన్‌స్పెక్టరుకి అప్పుడర్థమైంది. పంపుని అలాగే వదిలేసి ఆరో అంతస్తు నుంచి పరిగెత్తాడు. నాలుగో అంతస్తులో లిఫ్టు తలుపు దగ్గర వాచ్‌మన్ నిలబడి ఉన్నాడు.

"టెస్టింగుకి మీరే నీళ్ళు పోశారా సార్? నేనేమీ ముట్టుకోలేదు."

లోపలినుంచి మామగారి గొంతు వచ్చింది. "ఏం టెస్టింగు? ఎవరు చేశారు?"

"మీ అల్లుడుగారేనండి, లిఫ్టుకి పరీక్ష పెట్టారు" అన్నాడు వాచ్‌మన్ గర్వంగా.

"కంటికి ఆపరేషనైన మనిషిని లోపల పెట్టా? అల్లుడూ, నిజమేనా?"

నిజం చెబితే దొరగారి సంగతి చెప్పాలి. "అవును మామయ్యగారూ. సర్‌ప్రైజ్ టెస్టు."

"అయితే లిఫ్టు ఫెయిలేగా సార్?" అన్నాడు వాచ్‌మన్.

ఫెయిలే. నీళ్ళు దిగిన లిఫ్టుని పదిహేను రోజులు మూసి ఆరబెట్టాలి. ఇన్‌స్పెక్టరు పైన మోటారు గదిలోని చక్రాన్ని చేత్తో తిప్పి లిఫ్టుని నాలుగో అంతస్తుకి తెచ్చి, ఇద్దర్నీ దించి, మూసివేత కాగితం తలుపుకి అంటించి, తన ఇంటి లిఫ్టు మీద తానే సంతకం పెట్టాడు.

మామగారు అతని భుజం పట్టుకుని మెట్లెక్కడం మొదలుపెట్టారు. "దొరగారెలా ఉన్నారు?"

"తిరుగుతున్నారు మామయ్యగారూ." అది అబద్ధం కాదు.

"తిరుగుతున్నారా? ఐదేళ్ళుగా ఆయన మూల వదిలి కదిలింది లేదే!"

భార్య వెనకనుంచి గొణిగింది. "మీ చొక్కా ఎందుకు తడిసింది?"

"టెస్టింగు."

"లిఫ్టుకా, మీకా?"

గుమ్మం దాటగానే మామగారి కాళ్ళకి నీళ్ళు తగిలాయి. ఆయన రెండో కంటికి అన్నీ మసకగానే కనిపిస్తాయి. అందుకే తిన్నగా వెళ్ళి తొట్టె అద్దం మీద చెయ్యేసి, వేలితో కొట్టి చూశారు. ఖాళీ డబ్బాలా మోగింది. ఆయన ఇంకో రెండుసార్లు కొట్టారు. కోర్టులో తీర్పుకి ముందు జడ్జిగారు బల్ల మీద అలాగే కొట్టేవారని ఎప్పుడో చెప్పారు.

ఇన్‌స్పెక్టరు ఇక దాచలేకపోయాడు. "దొరగారు స్నానాలగదిలో ఉన్నారు మామయ్యగారూ. ఉన్నారో లేరో తెలీదు. ఆయన్ని నేనే... తప్పంతా నాదే."

తలుపు తీశాడు కానీ తలెత్తలేకపోయాడు. పంపు హోరు తప్ప ఏమీ వినిపించలేదు. మామగారు తడుముకుంటూ వెళ్ళి టబ్బులో చెయ్యి పెట్టారు. పెట్టిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"అల్లుడూ, ఇలా రా."

వెళ్ళాడు. టబ్బులో నీళ్ళు ఏరులా ఉరుకుతున్నాయి. ఆ వేగానికి ఎదురుగా, రెక్కలు విప్పుకుని, రంగు తేలి, దొరగారు ఈదుతున్నారు. కిందికి కొట్టుకుపోయి మళ్ళీ పైకి ఎగబాకుతున్నారు. మామగారి వేళ్ళని మూతితో పొడిచి పోతున్నారు. పన్నెండేళ్ళ చేపలా లేరు.

"ఇన్నేళ్ళూ ఆయనకి నీళ్ళు పోశానే కానీ ప్రవాహం ఇవ్వలేదయ్యా" అన్నారు మామగారు. "నీకెలా తోచింది?"

ఇన్‌స్పెక్టరు కుళాయికి కట్టిన తీగని ఇంకో చుట్టు బిగించాడు.

"ఆయన ఇక్కడే ఉంటారు. ఆ పంపు ఆపడానికి వీల్లేదు."

"నాన్నా, మనకున్నది ఒక్కటే స్నానాలగది!" అంది కూతురు.

"అదంతా అల్లుడు చూసుకుంటాడు. ఇకనుంచి ఈ ఇంట్లో ఏ పనైనా అల్లుడికే."

పద్నాలుగేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. ఇన్‌స్పెక్టరు తడి గోడకి ఆనుకుని మెల్లగా కూర్చుండిపోయాడు.

ఇప్పుడు రోజూ ఉదయం ఇంటిల్లిపాదీ తువ్వాళ్ళు భుజాన వేసుకుని, ఆరంతస్తులు దిగి, వాచ్‌మన్ గది పక్కనున్న కుళాయి దగ్గర స్నానాలు చేస్తున్నారు. మెట్లన్నీ ఎక్కి ఇల్లు చేరేసరికి అందరికీ మళ్ళీ స్నానం చేయాల్సిన అవసరం వస్తోంది.