ప్రెషర్ వాషర్‌కు ఫిట్ సర్టిఫికెట్

కారు కడగడం ఎవరి సొంత విషయం వారిది. కారు కడిగే యంత్రాన్ని కడగడం మాత్రం పరిపాలనా విషయం. రాయపూర్‌లో ఈ సంగతి పరదేశికి తప్ప ఇంకెవరికీ తెలియకపోవడం ఆ నగరం చేసుకున్న ఖర్మ.

పరదేశి ముప్ఫై నాలుగేళ్లు రైల్వేలో వ్యాగన్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. పాడైన వ్యాగన్‌ను సిక్ లైన్లో నిలబెట్టడం, బాగయ్యాక ఫిట్ సర్టిఫికెట్ రాయడం ఆయన ఉద్యోగం. ఇంటికొచ్చాక వ్యాగన్లు దొరకలేదు, టాటీబంధ్ బజారులో కార్లు కడిగే ప్రెషర్ వాషర్ ఒకటి దొరికింది. (రైల్వేకు తీరిన బాధ భార్య సూరమ్మకు మొదలైంది.)

ఆ ఆదివారం పదకొండింటికి మందిర్ హసౌద్‌లో, వియ్యాలవారింట్లో, కూతురు భాగ్యశ్రీకి సీమంతం. పోయినసారి ఉర్లా ఫ్యాక్టరీల వైపు నుంచి వచ్చిపడ్డ నల్లధూళితోనే కారు వెళ్తే, వియ్యపురాలు శేషమ్మ పట్టుచీర కుచ్చిళ్లు పైకెత్తుకుని బారెడు దూరం నుంచే పలకరించింది. సూరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఈసారి కారు తళతళలాడాల్సిందే.

"ఏటండీ, ఏడయిపోనాది. కారు కడిగీండి."

"మెషీన్ సిక్ లైన్లో ఉంది సూరమ్మా. పహలే దాన్ని ఫిట్ చెయ్యాల."

వరండాలో దుప్పటి పరిచి యంత్రాన్ని ముక్కలుగా విడదీశాడు. బోరు నీళ్ల ఉప్పు పేరుకున్న ఫిల్టర్ జాలీని వెనిగర్‌లో నానబెట్టాడు. నాజిల్ కన్నాన్ని గుండుసూదితో పొడిచాడు. నురగ సీసాను మూడు నీళ్లలో జాడించాడు. తుడిచే గుడ్డలు ఉతికి నీడన ఆరేశాడు (ఎండ తగిలితే గుడ్డ మనసు గట్టిపడుతుందట). ప్రతి పనికీ రిజిస్టర్‌లో మూడు సంతకాలు కావాలి: చేసినవారు, తనిఖీ చేసినవారు, ఆమోదించినవారు. ముగ్గురూ ఆయనే. ఆమోదించేటప్పుడు మాత్రం కళ్లజోడు మార్చుకునేవాడు.

ఎనిమిదిన్నరకు తనిఖీలో ఫిల్టర్ తప్పి వెనక్కి వచ్చింది.

"ఉప్పు మరక ఉండిపోయిందట," అన్నాడు పరదేశి, చిన్నబోయి.

"ఎవులన్నారు?"

"ఇంకెవులు? నానే."

సూరమ్మకు ఏడుపొక్కటే తక్కువ. "మీ రూల్సు తగలెయ్య! అక్కడ పిల్లకి గాజులు తొడిగే టైమయిపోతాది. మళ్లీ ఆవిడ ముందర నన్ను దోషిలాగ నిలబెడతారా?"

"అపీల్ చేసుకోవచ్చు," అన్నాడాయన శాంతంగా. "సోమవారం."

సూరమ్మ కొంగు బిగించింది. ప్లాస్టిక్ బకెట్టూ, చిరిగిన లుంగీ ముక్కా పట్టుకుని అరగంటలో కారు కడిగి పారేసింది. చక్రాల సందుల్లోని మసిని గోళ్లతో గీకింది. పది దాటాక యంత్రానికి ఫిట్ సర్టిఫికెట్ మంజూరైంది. పరదేశి కడుగుదామని కారు కేసి చూసి, "ట్రయల్‌కి ఏమీ మిగల్చలేదు నువ్వు," అని నొచ్చుకుని, యంత్రానికి గుడ్డ కప్పాడు.

మందిర్ హసౌద్‌లో శేషమ్మ కారు దగ్గరిదాకా వచ్చింది. సూరమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"అన్నయ్యగారూ, మెషీను కొన్నారట గదా! అద్దంలా కడిగేసింది."

"మెషీన్‌దేటుందమ్మా," అన్నాడు పరదేశి వినయంగా. "అంతా మెయింటెనెన్స్‌లో ఉంది."

లోపల భాగ్యశ్రీ పీట మీద కూర్చుంది. సూరమ్మ మురిసిపోతూ పసుపు గిన్నెలో చేయి పెట్టబోయింది. శేషమ్మ ఆ గోళ్లకేసి చూసి, గిన్నె మెల్లగా పక్కకు జరిపింది.

"చేతులు కడుక్కుని రండి వదినగారూ. అన్నయ్యగారిని చూసైనా శుభ్రం నేర్చుకోవద్దూ?"