దొర బంగ్లాలో మా అక్క

డబ్బిచ్చి మరీ ఇబ్బంది పడటంలో ఉన్న సుఖం మీకు తెలియదంటే, మీరింకా హెరిటేజ్ హోటల్లో దిగలేదన్నమాట!

నేను దిగాను. భద్రాచలం దాటాక గోదావరి వంపు తిరిగే చోట, అడవి అంచున, తెల్లదొరల కాలం నాటి బంగ్లా ఒకటుంది. ఏళ్ల తరబడి పాడుబడి ఉన్నదానికి ఈమధ్యే సున్నం కొట్టి, చుట్టూ కంచె వేసి, హోటల్ చేశారు. ఖమ్మం ఎండ తట్టుకోలేక నేనూ మా ఆవిడ పుష్పలతా అక్కడికి పారిపోయాం. ఎండ మాకంటే ముందే వచ్చి రూములో కూర్చుంది.

ఏసీ లేదేమని అడిగితే మేనేజర్ మురళీకృష్ణ నొచ్చుకున్నాడు.

"హెరిటేజ్ కదండీ! దొరగారు ఏసీలో పడుకున్నారంటారా?"

నిజమే కదా! దొరకు లేని ఏసీ నాకెందుకు? ఆయనకు పంకా లాగే మనిషుండేవాడు, నాకు ఆ మనిషీ లేడు, అంతే తేడా. ఇంట్లో ఏసీ రిమోట్ కోసం కొట్టుకునే మొగుడూ పెళ్లాలం, ఇక్కడ ఒకే అట్టముక్కతో వంతులేసుకుని విసురుకున్నాం. ఇంత అన్యోన్యత ఏ స్టార్ హోటల్ ఇస్తుంది చెప్పండి!

కుళాయి తిప్పితే ముందు దగ్గు వస్తుంది, తర్వాత తుప్పు, ఓపికుంటే నీళ్లు. మంచం ఎక్కాలంటే స్టూలు కావాలి. ఫోన్ సిగ్నల్ అసలే లేదు కాబట్టి, లోన్ కావాలా సార్ అని అడిగే అమ్మాయి నుంచి నాకు సంపూర్ణ విముక్తి. ఇవన్నీ చరిత్ర అని నేను మురిసిపోతుంటే మా ఆవిడ ఒక్కమాట అన్నది.

"మా తల్లిగారింట్ల గూడ గిట్లనే ఉండె. అప్పుడు దీన్ని లేమి అన్నరు."

చూశారా, హెరిటేజ్ అన్న బోర్డు మహిమ!

వచ్చిన అతిథికి ఇప్పపూల లడ్డూ పెట్టి స్వాగతం చెబుతారు. అడవి రుచి, ఆదివాసీ సంస్కృతి అని మేనేజర్ కళ్లు మూసుకుని వర్ణించాడు. లడ్డూ డబ్బా మీద హైదరాబాద్ అడ్రస్ ఉంది.

తెల్లారేసరికి చీపురు చప్పుడు. కిటికీలోంచి చూస్తే, లాన్‌లో పెద్ద ఇప్పచెట్టు కింద రాలిన పూలన్నీ ఊడ్చి చెత్తకుప్పలో పోస్తున్నారు. గెస్టులు జారిపడతారట! ఎంత శ్రద్ధ!

కంచె బయట ఒకామె ఖాళీ గంపతో నిలబడి ఆ చీపురునే చూస్తోంది. దగ్గరికెళ్లి పలకరించాను. పేరు జంపక్క, బంగ్లా వెనక గూడెం. ఆ గూడెం వాళ్లలో ఏ ఇంటి ఇప్పచెట్లు ఆ ఇంటివే. ఒకరి చెట్టు కింద రాలిన పువ్వును ఇంకొకరు ముట్టరు. లాన్‌లోని ఈ చెట్టు జంపక్క అత్త నుంచి ఆమెకు వచ్చింది. ఆ పూలు ఎండబెట్టి కొంత ఇంట్లో దాచుకుంటుంది, కొంత సంతలో అమ్ముతుంది. ఇప్పుడు గేటు మీద 'గెస్టులకు మాత్రమే' అని ఉంది.

"ఈయేడు ఒక్క గంప గూడ ఎత్తలే సారూ," అన్నది.

నేను మేనేజర్ దగ్గరికి వెళ్లి అమాయకంగా అడిగాను, గెస్టులను చూడటానికి చుట్టాలు రావచ్చా అని.

"పగలైతే రావచ్చండి. రూముకి ఒక్కరు."

మర్నాడు పొద్దున చీపురు కంటే ముందే లేచి గేటు దగ్గరికి వెళ్లాను. మా అక్క వచ్చిందని చెప్పాను. వాచ్‌మన్ నన్నూ చూశాడు, జంపక్కనూ చూశాడు, నవ్వాపుకుని తలుపు తీశాడు.

జంపక్క చెట్టు కింద కూర్చుని గంప నింపుకుంది. లేచేటప్పుడు నా వైపు తిరిగింది.

"నా చెట్టు కాడికి నేనే చుట్టమై రావాల్నా సారూ?"

నాకు సిగ్గేసింది.

అందుకే పాఠకులారా, ఈ హోటల్‌ను మనస్ఫూర్తిగా సిఫార్సు చేస్తున్నాను. పూలు రాలేది ఎండాకాలంలో కొద్ది రోజులే. కంచె లోపల ఇంకా చాలా చెట్లున్నాయి, బయట గంపలతో ఇంకా చాలామంది ఉన్నారు. రూముకి ఒక్క చుట్టమే రూలు కాబట్టి రూములన్నీ నిండాలి. జల్దీ బుక్ చేసుకోండి. ఏసీ సంగతి అడక్కండి. గేటు దగ్గర మాత్రం, మీ అక్క వచ్చిందని చెప్పడం మరిచిపోకండి.