ముఖ్య అతిథి కొట్టిన గోల్

ఫుట్‌బాల్ ఆడటానికి ఏం కావాలి? బంతి అంటారు మీరు. గ్రౌండ్ అంటారు. చెరో పదకొండు మంది ఆటగాళ్లంటారు. మీ అమాయకత్వానికి నవ్వొస్తోంది! ఫుట్‌బాల్‌కు కావాల్సింది ఒక్కటే. ముఖ్య అతిథి.

ఈ మాట ఊరికే అనడం లేదు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఆడవాళ్ల ఫుట్‌బాల్ టోర్నమెంటు ఎక్కడ జరిగినా వేదిక మీద రెండో వరుసలో నాకో కుర్చీ ఉంటుంది. ఫ్లెక్సీలో నా పేరు ముందు 'క్రీడాభిమాని' అని వేస్తారు. నేను ఎన్నడూ బంతిని తాకలేదు కాబట్టి ఆట విషయంలో నాకు ఎలాంటి పక్షపాతమూ లేదు.

అతిథుల వల్ల ఆట పాడవుతోందని కొందరు గొణుగుతున్నారు. పాడవడమా! అతిథి వస్తున్నాడంటేనే కదా గ్రౌండ్‌లో ముళ్లకంప పీకేది? అతిథి కారు దిగుతాడంటేనే కదా సున్నం గీతలు గీసేది? పొద్దున్నే వరుసలో నిలబెట్టిన పిల్లలు ఎండ నెత్తికెక్కే దాకా నిలబడాల్సి వస్తోందట. అదీ ఒక ఫిర్యాదేనా? విదేశాల్లో స్టామినా కోసం జిమ్ములు కట్టిస్తారు. మనకు ఉపన్యాసాలున్నాయి. అవి అయ్యేసరికి భోజనాల వేళ అవుతుంది కాబట్టి మ్యాచ్‌ను సగానికి కుదిస్తాం. పిల్లలకు అలసట కూడా ఉండదు.

ఇక అసలు ఘట్టం, ప్రారంభోత్సవ గోల్. అతిథి తొలి బంతి తన్నుతాడు. గోల్‌కీపర్ ఎదురుగా నిలబడుతుంది. బంతి లోపలికి వెళ్లి తీరాలి. ఇది ఏ రూల్ బుక్కులో ఉందని అడక్కండి. తాళి కట్టేటప్పుడు మేళం మోగాలని ఏ చట్టంలో రాశారు?

ఈ కళలో మా జిల్లాకు పేరు తెచ్చిన మనిషి నాగరాణి. పానగల్ దగ్గర గొర్రెలు కాసే ఇంటి పిల్ల. బడిలో చదివే రోజుల నుంచీ గోల్‌కీపరే. జిల్లా దాటింది, రాష్ట్రం దాటింది, గోవాలో ఒక క్లబ్బుకు ఏళ్ల తరబడి ఆడింది. అక్కడ ఎన్ని గోల్స్ ఆపిందో నాకు తెలియదు. ఇక్కడ ఎన్ని వదిలిందో మాత్రం బాగా తెలుసు. సెలవుకు ఊరికొచ్చిందంటే చాలు, ఏదో ఒక ప్రారంభోత్సవానికి పిలిపించేవాళ్లం.

గోల్ వదలడం సులువనుకుంటున్నారా? బంతి కుడికి వస్తే ఎడమకు దూకాలి. మరీ ముందే దూకితే అతిథి నొచ్చుకుంటాడు. ఒక పెద్దమనిషి తంతే బంతి ఉన్నచోటే ఉంది, ఆయన చెప్పు వెళ్లి గోల్‌లో పడింది. నాగరాణి చెప్పుకోసం ఒకసారి, ఆ తర్వాత బంతికోసం ఒకసారి, రెండుసార్లు దూకింది! ఇంకొకాయన తన్నిన బంతి సగం దారిలో ఆగిపోతే, తడబడ్డట్టు ముందుకు పడి మోచేత్తో దాన్ని లోపలికి సాగనంపింది. మరొకాయన పెనాల్టీ స్పాట్ మీదే కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లలో తనే జారి కూలబడితే, ఆయన ఒక్కడే కింద కూర్చుంటే బాగుండదని నాగరాణి కూడా కూర్చుంది. సంస్కారమంటే అదీ!

ఇప్పుడు ఆమెకు ముప్పై నాలుగేళ్లు. గోవా క్లబ్బు ఆడవాళ్ల జట్టును ఎత్తేసింది. జట్టుతో పాటే దాని యూట్యూబ్ ఛానల్ కూడా మాయమైంది. ఇక్కడి క్లబ్బుల్ని అడిగితే ఇరవై ఏళ్ల పిల్లలు కావాలన్నాయట. విదేశీ లీగుల్లో గోల్‌కీపర్‌కు ఈ వయసు పెద్ద వయసే కాదట. అడగ్గా అడగ్గా మాల్టా అనే దీవిలో ఒక చిన్న క్లబ్బు జవాబిచ్చింది. తీసుకుంటాం, ముందు మ్యాచ్ ఆడిన వీడియో పంపమంది. ఈ అవకాశం పోతే ఇక గ్లవ్స్ మూల పడేసుకోవడమే. అందుకని నా దగ్గరికొచ్చింది.

"సార్, నేను ఆడిన మ్యాచ్ వీడియో ఒక్కటన్న దొరుకుతదా? ఒక్కటి చాలు."

ఒక్కటేమిటి! మా సైదులు ఉన్నాడు కదా. జిల్లాలో ఏ టోర్నమెంటు జరిగినా వీడియో తీసేది అతనే. స్టూడియోకు తీసుకెళ్లాను. సైదులు కంప్యూటర్ తెరిచాడు. జ్యోతి వెలిగించడం, శాలువాలు, అతిథి తన్నడం, నాగరాణి రెండో వైపు పడటం. అంతటితో వీడియో అయిపోయింది. ఇంకోటి తెరిచాడు. అదీ అంతే.

"మ్యాచ్ ఏది, అన్నా?" అని అడిగింది నాగరాణి.

"ముఖ్య అతిథి కారెక్కినంక షూట్ చెయ్యనీకె ఏముంటది చెల్లె?" అన్నాడు సైదులు. "ఉత్త ఆటనేనాయె."

ఎంత గొప్పమాట! అయినా నేను వెనక్కి తగ్గే మనిషిని కాను. ఆమె వద్దు వద్దంటున్నా వినకుండా, ప్రారంభోత్సవ గోల్స్ అన్నింటినీ వరసగా అతికించి, మీద పూలు రాలే గ్రాఫిక్ వేయించి, సన్నాయి మ్యూజిక్ పెట్టించి మాల్టాకు నేనే పంపించాను. రెండ్రోజుల్లో ఆ కోచ్ జవాబిచ్చాడు. 'మీ ఫార్వర్డులు ఆ వయసులో కూడా ఆడుతున్నందుకు అభినందనలు. కానీ అంత నెమ్మదిగా వచ్చే బంతుల్ని వదిలేసే గోల్‌కీపర్ మాకు వద్దు.'

చూశారా! మన అతిథులకు అంతర్జాతీయ గుర్తింపు! నేనైతే ఆ జవాబుకు ఫ్రేమ్ కట్టించాను. నాగరాణి మాత్రం ఎందుకో నాతో మాట మానేసింది. ఆ కోచ్‌కు తనే ఫోన్ చేసి, బతిమాలి, వారంలో అసలు మ్యాచ్ వీడియో పంపితే చూస్తానని ఒప్పించుకుందట.

సర్దిచెబుదామని వాళ్లింటికి వెళ్లాను. నాగరాణి లేదు. వాళ్లమ్మ గోపమ్మ చాయ్ ఇచ్చింది.

"నా బిడ్డ గింతప్పటి సంది ఆడుతాంది సార్. ఫోన్ల ఎన్నడు జూసినా బాలు ఒక దిక్కు వోతది, గిది ఒక దిక్కు వడుతది. మంద కాడ ఒక్క గొర్రెను తప్పిపోనియ్యవు గదనే, గా బాలెందుకు దొరుకుతలేదే అని అడిగిన. నవ్విందే గని చెప్పలే. గంత చాతగానిదాన్ని గోవల ఎందుకు వెట్టుకున్నరు సార్?"

చాయ్ తాగి వచ్చేశాను.

ఆ వారంలోనే హుజూర్‌నగర్‌లో టోర్నమెంటు. నా అదృష్టం ఏమని చెప్పను! రావాల్సిన ముఖ్య అతిథికి ఆఖరి నిమిషంలో వేరే పని తగిలింది. మైకులో నా పేరు పిలిచారు. ఇన్నేళ్లు రెండో వరుసలో కూర్చున్నవాడికి మొదటి వరుస! తెల్ల చొక్కా సర్దుకుని గ్రౌండ్‌లోకి దిగాను. గోల్‌లో నాగరాణి, ఆ రోజు ఆడే ఒక జట్టుకు కీపర్. పక్కన సైదులు కెమెరా. పరుగెత్తుకెళ్లి కుడివైపుకు తన్నాను.

ఆమె కుడివైపుకే దూకింది! బంతిని గుండెకు హత్తుకుని లేచింది. చప్పట్లు కొట్టబోయిన చేతులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

"ఏందమ్మా గిది?" అన్నాను పళ్లు బిగబట్టి.

"మీ గోల్ యాడికి వోదు సార్. మ్యాచ్ అయినంక కొడుదురు గని, అప్పటిదాంక జర గా కుర్చీల కూసోండ్రి," అని బంతిని సగం గ్రౌండ్ అవతలికి విసిరేసింది. రెఫరీ ఇదే సందనుకుని రెండు జట్లనూ సెంటర్‌కు పిలిచి విజిల్ ఊదాడు.

గోల్ కొట్టకుండా ముఖ్య అతిథి ఎలా వెళ్తాడు? నేను కదల్లేదు. నేను కదలకపోతే సైదులు కెమెరా ఎలా మూస్తాడు? తీస్తూనే ఉన్నాడు. భోజనాలకు అందరికంటే ముందు లేవాల్సింది నేనే కాబట్టి వంట చల్లారినా ఎవరూ లేవలేదు. ఆ విధంగా, నాకు తెలిసి మొదటిసారి, మా దగ్గర ఒక మ్యాచ్ పూర్తిగా జరిగింది, మొదలు నుంచి చివరి దాకా కెమెరాలోకి ఎక్కింది.

వేరే గతి లేక నేనూ చూశాను. నాగరాణి అడ్డంగా గాల్లోకి లేచి వేలి కొసలతో బంతిని బార్ మీదుగా నెట్టింది. ఎదురొచ్చే అమ్మాయి కాళ్ల మీద పడి బంతి లాక్కుంది. "కరుణా, ఎడమకు రావే! ఆమెను ఇడ్వకు!" అని అరుస్తూ జట్టునంతా నిలబెట్టింది. ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు. ఇదంతా ఇన్నేళ్లూ ఎప్పుడు చేసేదని పక్కనున్నాయన్ని అడిగాను. మనం భోజనం చేసేటప్పుడు సార్, అన్నాడు.

ఆఖరి విజిల్ అయ్యాక నా వంతు వచ్చింది. అంతసేపు ఆడి బట్టలన్నీ దుమ్మయిన మనిషి, మాట ప్రకారం మళ్లీ గోల్‌లో నిలబడింది. నేను ఎడమకు తన్నాను. ఆమె కుడికి దూకింది. ఏం దూకుడు అది! నిజంగా నన్ను ఆపాలనే ప్రయత్నించినట్టుంది. గోల్! రెండు చేతులూ ఎత్తి కెమెరా వైపు తిరిగాను.

సైదులు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "బ్యాటరీ ఖతమైంది సార్. గింతసేపు ఎన్నడన్న దీసిన్నా?"

ఆ వీడియో మాల్టాకు వెళ్లింది. కొన్నాళ్లకు దాని వెనకే నాగరాణి కూడా వెళ్లింది. ఒక సీజన్ ఆడటానికి తీసుకున్నారట. గోపమ్మ ఇప్పుడు ఫోన్‌లో ఆ మ్యాచ్ తప్ప ఇంకేమీ చూడటం లేదని విన్నాను. సంతోషమే.

కానీ నా సంగతేమిటి? యూరప్‌లో ఆడే గోల్‌కీపర్ మీద నేను గోల్ కొట్టాను! వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక్కడూ నమ్మడం లేదు. వీడియో ఉందా అంటున్నారు. కష్టపడి ఆడినదానికి చూపించుకోవడానికి ఏమీ లేకపోతే మనిషి ఎలా బతకాలి? ఇంత అన్యాయం లోకంలో ఏ ఆటగాడికైనా జరిగిందా? ఉండబట్టలేక నాగరాణికే ఫోన్ చేశాను.

"నా గోల్ నువ్వు జూసినవ్ గదమ్మా. ఎవరన్న అడిగితె జర చెప్పరాదు."

అటువైపు గాలి చప్పుడు, ఎవరో బంతిని తన్నుతున్న చప్పుడు. ప్రాక్టీసులో ఉన్నట్టుంది.

"చెప్త సార్. గని నమ్మరు. వీడియో అడుగుతరు."